మీసం ఒకటి అంటిస్తే చాలు

అబ్బాయ్, ఎంపీటీసీ ఎన్నికలు ఎప్పుడైనా మీద పడొచ్చు. మీ అన్నకి నూజెండ్ల సెంటర్లో ఫ్లెక్సీలు, కుర్రాళ్లకి టీ షర్టులు, ఆటోల వెనక స్టిక్కర్లు కావాలన్నావు. వాటిమీద అవతలి నాయకుడు హిట్లర్‌లా కనపడాలన్నావు. అంతా బాగానే చెప్పి, చివర్లో గొంతు తగ్గించి, ఇది మరీ ఎక్కువైపోయిద్దా బాబాయ్ అన్నావు చూడు, ఆ అనుమానాన్ని చెప్పులతో పాటు కొట్టు బయటే విడిచి లోపలికి రా. ఈ పనిలో తల పండినవాణ్ణి. ప్రింటింగుకే డబ్బులు, సలహాలు ఉచితం.

ముందు విలన్‌ని ఎంచుకోవాలి. తెలుగు గడ్డ మీద ఒక పనికొచ్చే విలన్ దొరకటం ఎంత కష్టమో మా వృత్తిలో ఉన్నవాళ్లకే తెలుసు. దుర్యోధనుడని వేద్దామా? 1977లో ఎన్టీ రామారావు గారు ‘దానవీరశూర కర్ణ’ తీసి ఆయనకీ ఈలలు వేయించారు. రావణాసురుడా? ఆయన్నీ రామారావు గారే వదల్లేదు. 1958లో ‘భూకైలాస్’, 1961లో ‘సీతారామ కళ్యాణం’. ఆ వేషం చూడటానికి మీ తాత బండి కట్టుకుని వినుకొండ పోయి ఉంటాడు. కీచకుడంటే ‘నర్తనశాల’లో ఎస్వీ రంగారావు గారు కళ్లముందుకొస్తారు, జనం దణ్ణం పెట్టినా పెడతారు. మన పురాణాల్లో ఒక్క దుర్మార్గుడైనా అభిమాన సంఘం లేకుండా మిగల్లేదు.

పోనీ పల్నాటి చరిత్రలోకి దిగుదామంటే అసలే వద్దు. అవతలి పార్టీ ఆడమనిషిని నాయకురాలు నాగమ్మ అన్నావనుకో, ఆవిడ చేసిన తప్పేందో చెప్పమనేవాళ్లు ఊరికి పదిమంది లేస్తారు. బ్రహ్మనాయుడన్నా అంతే. 12వ శతాబ్దంలో కోడిపందెంతో ముదిరిన తగువు కారంపూడిలో నెత్తురు పారాకైనా తీరిందా? టీ కొట్టు దగ్గర ఇవాళ్టికీ తీరలేదు. వీరుల గుడి ఉత్సవాలకి వచ్చే జనంలో మన ఓటర్లూ ఉంటారు, జాగర్త.

విదేశీ సరుకులో పాబ్లో ఎస్కోబార్‌ని ప్రయత్నించారు. 2024 జులైలో అసెంబ్లీలో శాంతిభద్రతల శ్వేతపత్రం పెడుతూ చంద్రబాబు గారు జగన్ గారిని ఆ కొలంబియా డ్రగ్స్ డాన్‌తో పోల్చారు. పేపర్లలో బానే వచ్చింది. కానీ మన కుర్రాళ్లు ఫోన్లో సిరీస్ చూసి, వాడి ఫొటో డీపీగా పెట్టుకుంటున్నారు. తిట్టు కాస్తా పొగడ్త అయి కూర్చుంటే ఫ్లెక్సీ డబ్బులు దండగ.

ఇంకోటి కూడా చెప్పాలి, గొంతు తగ్గించే చెబుతా. మనకి సొంత ఘోరాలు లేక కాదు. 1985 జులై 17న కారంచేడులో దళితుల ఊచకోత. 1991 ఆగస్టు 6న చుండూరు, చచ్చిపోయిన ఎనిమిది మందీ దళితులు. చుండూరు అప్పుడు మన గుంటూరు జిల్లాయే. ఇన్నేళ్లలో ఏ పార్టీ కార్యకర్తా వచ్చి, బాబాయ్, టీ షర్టు మీద చుండూరు అని వెయ్యి, అవతలివాళ్లు ఆ పాపం చేసినవాళ్లలాంటి వాళ్లని రాయి, అని అడగలేదు. ఎందుకడుగుతారు? ఆ పేరు చదవగానే ఎవరు చంపారు, వాళ్లు ఎవరి తాలూకు, వాళ్ల పిల్లలు ఇప్పుడు ఏ పార్టీలో ఉన్నారు అని మొదలయిద్ది. 2007లో ప్రత్యేక కోర్టు శిక్షలు వేస్తే 2014లో హైకోర్టు ఎందుకు కొట్టేసిందని ఇంకోడు అడుగుతాడు. ఆ జవాబుల్లో రెండు పార్టీల పెద్దమనుషులూ తగులుతారు.

హిట్లర్ దగ్గర ఆ బాధ లేదు. వాడికి మన మండలంలో చుట్టాలు లేరు. కులం లేదు, కుల సంఘం లేదు, కూడలిలో విగ్రహం లేదు. వాడు చంపినవాళ్లకీ ఇక్కడ చుట్టాలు లేరనుకుంటాం కాబట్టి ఏడ్చేవాళ్లూ లేరు. ఆ యుద్ధంలో మన తీరం దాకా వచ్చింది 1942 ఏప్రిల్ 6న విశాఖ మీద, కాకినాడ మీద జపాన్ వాడు వేసిన బాంబులే. హిట్లర్‌ని మనం పుస్తకాల్లో, సినిమాల్లో తప్ప చూడలేదు. ఇంతకన్నా చౌకగా దొరికే విలన్ ఎవరు?

ఒక చిన్న చిక్కు ఉంది, దాన్ని సర్దుకోవాలి. 1997 సంక్రాంతి ముందు ‘హిట్లర్’ పేరుతో చిరంజీవి గారి సినిమా వచ్చింది. ముత్యాల సుబ్బయ్య గారి దర్శకత్వం, మలయాళం కథ. అయిదుగురు చెల్లెళ్లని కంటికి రెప్పలా కాపాడుకునే అన్నయ్య. పరాజయాల తర్వాత ఆయన్ని మళ్లీ నిలబెట్టిన సినిమా అది. తర్వాత 2020లో జీ తెలుగులో ‘హిట్లర్ గారి పెళ్ళాం’ అని సీరియల్. గారు కూడా తగిలించారు, చూశావా మర్యాద. అందుకని ఒట్టి హిట్లర్ అని రాసి ఊరుకుంటే, ఆడవాళ్లు అవతలి నాయకుణ్ణి కాస్త కోపిష్టి అయినా మనసున్న మనిషని అనుకునే ప్రమాదం ఉంది. పక్కన ‘నరహంతక’ అని చేర్చు. అక్షరానికి అదనంగా తీసుకోను.

ఇక డిజైన్. కోరల్ డ్రా తెలిసిన ఏ కుర్రాడైనా ముక్కు కింద నల్ల ముక్క ఒకటి అంటించగలడు. కాకపోతే అదే మీసం చార్లీ చాప్లిన్‌కీ ఉంది. ఇద్దరూ 1889 ఏప్రిల్లో నాలుగు రోజుల తేడాతో పుట్టారు. మీసం సరిగ్గా కుదరకపోతే మీ ప్రత్యర్థి జనాన్ని నవ్వించే మంచివాడిలా తేలతాడు. చాప్లిన్ 1940లో ‘ది గ్రేట్ డిక్టేటర్’ తీసి హిట్లర్‌ని ఆటపట్టించాడు. తర్వాత 1964లో తన జీవిత కథలో, ఆ క్యాంపుల్లో జరిగిన ఘోరం నిజంగా తెలిసుంటే ఆ సినిమా తీయగలిగేవాణ్ణి కాదని రాసుకున్నాడు. అంతటివాడికి వచ్చిన ఆ శంక మనకి రాకూడదు. మనకి తెలిసీ వేస్తున్నాం కదా, ఇంకేం శంక.

స్వస్తికం పెట్టమంటావా? పెడతా. కానీ పక్క ఫ్లెక్సీ ఎవరిదో గృహప్రవేశానిది అయ్యుంటుంది, దానిమీద పసుపూ కుంకంతో అదే గుర్తు. వాళ్లది నిటారుగా, మనది వాలుగా. ఎండకి ఐలెట్ ఊడి మన ఫ్లెక్సీ పక్కకి ఒరిగిందంటే మనదే శుభకార్యం అయిపోయిద్ది. చెయ్యి ముందుకు చాపిన నాజీ సెల్యూట్ కూడా ఇబ్బందే. మీ అన్న ఫ్లెక్సీలన్నిట్లో ఆయన చెయ్యెత్తి జనానికి అభివాదం చేస్తూనే ఉంటాడు. రెండూ పక్కపక్కన కడితే హిట్లర్ ఎవరని పిల్లకాయలు అడుగుతారు. మీసం ఒక్కటే భద్రం.

అన్నిటికన్నా ముఖ్యమైన జాగర్త: 1933 జోలికి పోవద్దు. హైస్కూలు సాంఘిక శాస్త్రం మాస్టారిని అడిగి రెండు ముక్కలు రాయించుకుందామని నీకు అనిపించొచ్చు. ఆయన దగ్గరికి పోతే నిన్ను కూర్చోబెట్టి తేదీలు చెబుతాడు. జనవరి 30న హిట్లర్ ఛాన్సలర్ అయ్యాడు, చట్టప్రకారమే. ఫిబ్రవరి 27న పార్లమెంటు భవనం తగలబడింది. తెల్లారేసరికి ఒక ఉత్తర్వు, పత్రికలకీ సభలకీ ఉన్న స్వేచ్ఛ రద్దు. మార్చి 22న డాఖౌ క్యాంపు తెరిచారు. మర్నాడే పార్లమెంటు తన అధికారాలు తీసుకెళ్లి వాడి చేతిలో పెట్టింది, 444 మంది సరేనన్నారు, 94 మంది కాదన్నారు. ఏప్రిల్ 1న యూదుల కొట్లలో ఎవరూ కొనొద్దని పిలుపు. మే 10న పుస్తకాల మంటలు. జులై 14 కల్లా ఒకే పార్టీ. ఆర్నెల్లు తిరక్కముందే అంతా అయిపోయింది.

ఇదంతా వింటే నీకు ఏమయిద్దో తెలుసా? పోల్చటం మొదలుపెడతావు. ఏ ఉత్తర్వు, ఎవరి సభ, ఏ పత్రిక, ఎవరు చెయ్యెత్తారు అని వెతుకుతావు. అప్పుడు పోలిక నిజమో అబద్ధమో తేలిపోయే ప్రమాదం ఉంది. కొన్ని సరిపోతాయి, కొన్ని సరిపోవు. టీ షర్టు మీద అన్ని సంగతులు పడతాయా? అందుకే 1933 వదిలేసి సరాసరి గ్యాస్ చాంబర్లకి పోవాలి. అక్కడ పోల్చటానికి ఏమీ ఉండదు, కాబట్టి వాదించటానికీ ఏమీ ఉండదు.

నీకు మన రాష్ట్రంలోదే చెబుతా. 2022 డిసెంబరు 28న కందుకూరులో రోడ్డు మీద సభలో తొక్కిసలాట, ఎనిమిది మంది పోయారు. కొత్త సంవత్సరం రోజున గుంటూరులో ఇంకో ముగ్గురు. 2023 జనవరి 2న ప్రభుత్వం రోడ్ల మీద సభలు పెట్టకుండా జీవో నంబరు 1 ఇచ్చింది. ప్రతిపక్షాలన్నీ నియంతృత్వం అన్నాయి, అది మామూలే. అయితే కొందరు ఆ జీవో కాగితం పట్టుకుని హైకోర్టుకెళ్లారు. మే 12న కోర్టు దాన్ని కొట్టేసింది. ఒప్పుకుంటా, మీసం చేయలేని పని కాగితం చేసింది. కానీ ‘జీవో నంబరు 1’ అని టీ షర్టు వేస్తే ఎవడేసుకుంటాడు? పైగా నంబరు వేస్తే ఎవడో ఒకడు తీసి చదువుతాడు. చదివినవాడు, మీ ప్రభుత్వం వచ్చాక సోషల్ మీడియాలో పోస్టులు పెట్టినవాళ్ల మీద వరసపెట్టి కేసులెందుకని అడుగుతాడు. 2024 నవంబరు సంగతి గుర్తుందిగా? అక్షరాలు చదవటం అలవాటైన ఓటరు మనకి పనికిరాడు.

మీసంలో గొప్ప సౌకర్యం ఏందంటే అది ఏ పార్టీదీ కాదు. అధికారంలో ఎవరుంటే వాళ్ల ముక్కు కిందికి పోయిద్ది. నా కంప్యూటర్లో ఆ ఫైలు ఒకటే ఉంది, ముఖాలే మారినయ్.

ఎంత దూరం పనిచేసిద్దని అడుగుతావేమో. ఢిల్లీ దాకా. చిత్తూరు ఎంపీ డాక్టర్ నారమల్లి శివప్రసాద్ గారు 2018లో ప్రత్యేక హోదా కోసం పార్లమెంటు ముందు రోజుకో వేషం కట్టారు. నారదుడు, స్కూలు పిల్లాడు, ఆడవేషం. సినిమా మనిషి, వేషం ఆయనకి అలవాటే. ఆగస్టు 9న హిట్లర్‌గా వచ్చారు, ఖాకీ డ్రెస్సు, మీసం, చాచిన చెయ్యి. ప్రధాని ఆ దారిలో నడవొద్దని చెప్పటానికి వేశానన్నారు. ఫొటో దేశదేశాల పేపర్లలో పడింది. హోదా వచ్చిందా అని అడక్కు. హోదా రాలేదు, ఫొటో వచ్చింది. మనం అమ్మేది ఫొటోలే కదా. ఆ పెద్దమనిషి మరుసటేడు పోయారు. ఇప్పటికీ ఆయన పేరు కొడితే ముందు ఆ వేషాలే వస్తాయి, హోదా గురించి ఏమన్నారో ఎవరికీ గుర్తులేదు.

సినిమా డైలాగులు వేసుకుందామని మీ కుర్రాళ్లు అంటున్నారని విన్నా. వద్దు. మన జిల్లాలోనే, సత్తెనపల్లి మండలం రెంటపాళ్లలో, 2025 జూన్ 18న జగన్ గారు వచ్చినప్పుడు ‘రప్పా రప్పా’ అని ‘పుష్ప 2’ మాటలతో అట్టలు పట్టుకున్నారు. తలలు నరుకుతామన్న మాట. కేసు పెట్టారు, అరెస్టు చేశారు, రాష్ట్రమంతా నెలల తరబడి అదే రగడ. నరుకుతామంటే కేసు. అదే హిట్లర్ మీసం పెట్టినందుకు మన పల్నాడులో ఎవడైనా స్టేషన్ మెట్లెక్కినట్టు నేనైతే వినలేదు. నరకని తలకి శిక్ష, లక్షల మందిని నరికినవాడి బొమ్మకి రాజమార్గం. ఇందులో న్యాయమేందని నన్నడక్కు, వ్యాపారం చూసుకో.

2024 మే పోలింగు తర్వాత మన దగ్గర ఏం జరిగిందో నువ్వు చూశావు. 144 సెక్షన్, కేంద్ర బలగాలు, సిట్టు విచారణ, మూతపడ్డ కొట్లు. అంత వేడి ఉన్నచోట అవతలివాణ్ణి మనిషి కాదని చెప్పే బొమ్మ వేస్తే ఏమయిద్దని ఒక టీచరమ్మ నన్ను అడిగింది. హిట్లర్‌ని ఆపటానికి ఏం చేసినా తప్పు కాదని అందరూ అనుకుంటారు కదా, మరి ఎదురింటాయన్ని హిట్లర్ అన్నాక ఆయన్ని ఏం చేసినా తప్పు కాదనుకోరా అంది. మంచి ప్రశ్న. నేను ఆవిడకి స్కూలు వార్షికోత్సవం ఫ్లెక్సీలో డిస్కౌంట్ ఇచ్చి పంపించా.

చట్టం విషయాలు త్వరగా చెప్పేస్తా. అసెంబ్లీ, పార్లమెంటు ఎన్నికలకైతే ప్రజాప్రాతినిధ్య చట్టం 127ఎ ఉంది, పోస్టరు మీద ముద్రించినవాడి పేరు, వేయించినవాడి పేరు, చిరునామాలు ఉండాలి. లేకపోతే ఆర్నెల్ల దాకా జైలు, రెండు వేల దాకా జరిమానా. టీ షర్టులూ టోపీలూ అభ్యర్థి ఖర్చులోకి వస్తాయి, అసెంబ్లీకి 40 లక్షలు దాటకూడదు. వ్యక్తిగత జీవితం జోలికి పోకుండా విధానాల మీదే విమర్శ చెయ్యాలని ప్రవర్తనా నియమావళి. హిట్లర్ మీసం విధానమా, వ్యక్తిగతమా? ఈ ప్రశ్న అధికారికి తోచేలోపు పోలింగు అయిపోయిద్ది.

మీ మేనమామ కొడుకు జర్మనీలో ఎమ్మెస్ చేస్తున్నాడుగా, వాడికి మాత్రం టీ షర్టు పంపకు. అక్కడ శిక్షాస్మృతి 86ఎ కింద స్వస్తికం బహిరంగంగా ప్రదర్శిస్తే మూడేళ్ల దాకా జైలు. అక్కడొకాయన స్వస్తికాన్ని కొట్టేసినట్టు, చెత్తబుట్టలో పడేస్తున్నట్టు స్టిక్కర్లూ టీ షర్టులూ అమ్మేవాడు, నాజీలకి వ్యతిరేకంగానే. స్టుట్‌గార్ట్ కోర్టు 2006లో 3,600 యూరోలు జరిమానా వేసింది. 2007 మార్చిలో పై కోర్టు దాన్ని కొట్టేసి, వ్యతిరేకమని చూడగానే తెలిసేట్టుంటే తప్పు లేదంది. అదీ వాళ్ల తూనిక, చూడగానే తెలియాలి. మన టీ షర్టు చూస్తే ఏం తెలుసుద్ది? కరెంటు బిల్లు పెరిగినందుకు ఒకాయనకి మీసం వచ్చిందని.

అమెరికాలో ఉన్న బావగారికీ వద్దు. 2021 మేలో నాష్‌విల్‌లో ఒక టోపీల కొట్టు, టీకా వేయించుకోలేదని రాసిన పసుపు నక్షత్రాలు అమ్మకానికి పెట్టింది. 1941 సెప్టెంబరు నుంచి జర్మనీలో యూదుల చేత చొక్కాల మీద కుట్టించిన నక్షత్రం అది. కొట్టు ముందు ధర్నాలు, సరుకు ఇవ్వమని స్టెట్సన్ టోపీల కంపెనీ తెగేసి చెప్పటం, చివరికి క్షమాపణ. టీకా వద్దనటానికి వాళ్ల కారణాలు వాళ్లకి ఉండొచ్చు. నక్షత్రం కుట్టుకున్నాక ఆ కారణాలు ఒక్కడైనా విన్నాడా? సరుకు మాత్రం అంతా చూశారు. నా దృష్టిలో విజయమే.

నవ్వొచ్చే సంగతొకటి. ఈ బొమ్మల వ్యాపారం మీద మొదట కన్నెర్ర చేసింది నాజీలే. హిట్లర్ గద్దెనెక్కిన కొత్తలో స్వస్తికం వెయ్యని వస్తువు లేకుండా పోయింది, ఎవడికి తోచిన సరుకు వాడు తయారుచేసి అమ్ముకున్నాడు. 1933 మే 19న గోబెల్స్ శాఖ వాళ్లు జాతీయ చిహ్నాల రక్షణ అని చట్టం తెచ్చి దాన్ని కట్టడి చేశారు. బొమ్మ ఎక్కువైతే భయం తగ్గిద్దని వాళ్లకి తెలుసు. మనం ఆ తెలివితేటలకి పోకుండా, ఎన్ని వేస్తే అన్ని.

లెక్కలు మాత్రం ఫ్లెక్సీ మీద వెయ్యకు. చంపిన యూదులు అరవై లక్షలు, ఒక్క ఆష్విట్జ్ క్యాంపులోనే యూదులూ మిగతావాళ్లూ కలిపి పదకొండు లక్షల మంది దాకా పోయారు. 2011 జనాభా లెక్కల్లో ఇప్పటి పల్నాడు జిల్లా అంతా కలిపి ఇరవై లక్షల చిల్లర. మాచర్ల నుంచి వినుకొండ దాకా, చిలకలూరిపేట నుంచి దాచేపల్లి దాకా, చంటిపిల్లలతో సహా మూడుసార్లు. ఎవడైనా ఆ ఫ్లెక్సీ కింద నిలబడి ఈ లెక్క వేసుకుని, తలెత్తి పింఛను ఆలస్యం గురించి నువ్వు రాసింది చదివితే నీ ఓటు పోయినట్టే.

ఇందాక చంపినవాళ్లకి ఇక్కడ చుట్టాలు లేరనుకుంటామన్నాను. చేబ్రోలు పక్కన కొత్తరెడ్డిపాలెం అని ఉంది. అక్కడ బెనే ఎఫ్రాయిం అని తెలుగు యూదులున్నారు, మాదిగల్లోంచి వచ్చిన కుటుంబాలు. 1990ల మొదట్లో సినగాగ్ పెట్టుకున్నారు, శనివారం ప్రార్థన చేసుకుంటారు, మాట్లాడేది మన గుంటూరు తెలుగే. వాళ్ల మీద ఆక్స్‌ఫర్డ్ వాళ్లు 2013లో పుస్తకం కూడా వేశారు. 2022 ఏప్రిల్లో మనకి వేరే జిల్లా ఇచ్చేదాకా వాళ్లూ మనమూ ఒక జిల్లావాళ్లమే. నూజెండ్ల నుంచి పొద్దున బయల్దేరితే మధ్యాహ్నం భోజనానికి అక్కడుంటావు. మిగతా చోట్లంతా తిప్పుకో, మీ ప్రచార ఆటో ఆ ఊళ్లోకి పోకుండా డ్రైవరుకి చెప్పు. అక్కడ ఎవరైనా బండాపి, ఈ మీసం ఎవరిది నాయనా అని అడిగితే డ్రైవరు ఏం చెబుతాడు పాపం.

సైజులు రాసి పంపు. ఫ్లెక్సీ అడుగు లెక్క, టీ షర్టు ఎక్సెల్ దాటితే రేటు వేరు. మిగిలిపోయిన ఫ్లెక్సీలు కల్లంలో మిరపకాయల మీద కప్పుకోవచ్చు, బొమ్మ లోపలికి తిప్పి కప్పు. డబ్బులు మొత్తం ముందే కట్టాలి. గెలిచినవాళ్లు ఫోనెత్తరు, ఓడినవాళ్లు ఈ వీధిలోకే రారు. మధ్యలో మీ అన్న పార్టీ మారితే ఒక మాట చెప్పు చాలు, ముఖం మార్చటానికే డబ్బులు తీసుకుంటా. మీసం పాతదే వాడతాం.